విజయమనే పేరు: ప్రాచీన సామ్రాజ్యాలు, మతం, ఆధునిక యుద్ధాలు

అబర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర కాసేపు నిలబడితే బెంగాలీ, హిందీ, తమిళ సంభాషణల నడుమ తెలుగు కూడా వినిపిస్తుంది. శ్రీకాకుళం తీరం నుంచి తరలివచ్చిన మత్స్యకార కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా నివసిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపవాసులలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఆ విధంగా ఈ బజారు మనకు పరాయిది కాదు. అయితే దాని పేరు మాత్రం దూరదేశానిది. స్కాట్లండులోని ఒక నగరం పేరే దీనికీ ఉన్నది. బజారు ఉన్న పట్టణానికి కూడా నిన్నమొన్నటి వరకు ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే 18వ శతాబ్దపు నౌకాధికారి పేరే ఉండేది.

2024 సెప్టెంబరు 13న కేంద్ర ప్రభుత్వం ఆ పట్టణానికి శ్రీ విజయ పురం అని పేరు మార్చుతున్నట్లు ప్రకటించింది. స్వాతంత్ర్య సమరంలో సాధించిన విజయానికి ఈ పేరు ప్రతీక అని ఆ ప్రకటన తెలిపింది. ఒకప్పుడు చోళ సామ్రాజ్యానికి నౌకాస్థావరమైన ఈ ద్వీపాలు నేడు దేశపు వ్యూహాత్మక లక్ష్యాలకు కీలక స్థావరం కానున్నాయని కూడా గుర్తుచేసింది. వలస పాలకుల పేర్లను తొలగించడం స్వతంత్ర దేశానికి సహజమైన హక్కు. దానిపై వివాదం ఈ వ్యాసానికి ఉద్దేశం కాదు.

కాని బౌద్ధ చరిత్ర చదివినవారికి ఈ పేరు వినగానే మరికొన్ని పేర్లు స్ఫురిస్తాయి. సుమత్రా ద్వీపం కేంద్రంగా వర్ధిల్లిన బౌద్ధ రాజ్యం శ్రీవిజయం. కృష్ణాతీరాన నాగార్జునకొండ వద్ద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. సింహళ వంశకథలలో తొలి రాజు విజయుడు. యుద్ధంతో గెలిచే విజయం కన్న ధమ్మంతో గెలిచే విజయం మేలని రాళ్లపై చెక్కించినవాడు అశోకుడు. వీటిలో మొదటిదాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ప్రకటన స్మరించిన చోళ నౌకాదళం దండెత్తినది శ్రీవిజయం మీదికే. ఓడిన రాజ్యాన్ని తలపించే పేరూ, గెలిచిన రాజ్యపు స్మృతీ ఒకే ప్రకటనలో పక్కపక్కన నిలిచాయి.

ఇందులో తప్పు పట్టడం కన్న నేర్చుకోవలసినదే ఎక్కువ. ప్రాచీన సామ్రాజ్యాల బలం, వాటితో ముడిపడిన మతం, నేటి యుద్ధాలను నిజంగానే నడిపిస్తున్నాయా? లేక నేటి యుద్ధాలే తమ అవసరం కొద్దీ ప్రాచీనతను నిద్రలేపుతున్నాయా? శాసనాలు చదివే పరిశోధకులకూ, సూత్రాలు పఠించే భిక్షువులకూ ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉన్నది. ఆ సంబంధం ఏమిటో చూపడమే ఈ వ్యాస ప్రయత్నం.

ప్రశ్నను విడదీయడం

బౌద్ధ చింతన ఈ ప్రశ్నకు మంచి పనిముట్టునే ఇచ్చింది. హేతువు వేరు, ప్రత్యయం వేరు. విత్తనం హేతువు. నేల, నీరు, ఎండ ప్రత్యయాలు. నేల లేకుండా మొక్క మొలవదు, అయినా నేల నుంచి ఏ మొక్క వస్తుందో నిర్ణయించేది విత్తనమే.

యుద్ధానికి హేతువు ఏది? దీఘ నికాయంలోని మహానిదాన సుత్తం దీనికి ఒక గొలుసును చూపుతుంది. తృష్ణ వలన వెదుకులాట, వెదుకులాట వలన లాభం, లాభం వలన నిర్ణయం, దాని వలన రాగం, ఆసక్తి, తరువాత పరిగ్రహం, మాత్సర్యం, చివరకు ఆరక్ష, అంటే కాపలా. ఆ కాపలా కారణంగానే కర్రలు, కత్తులు చేతికి వస్తాయని, కలహాలు, అసత్యాలు పుడతాయని బుద్ధుడు ఆనందునికి వివరించాడు. ఈ గొలుసులో వంశం పేరు గాని, దేవుని పేరు గాని లేదు. దక్కించుకున్నదాన్ని కాపాడుకోవాలన్న తపన మాత్రమే ఉన్నది.

మరి ప్రాచీనత ఎక్కడ ప్రవేశిస్తుంది? మూడు చోట్ల ప్రవేశిస్తుందని మనం ఊహించవచ్చు. మొదటిది మార్గం: సముద్రపు దారులు, జలసంధులు, కనుమలు వేల ఏండ్లుగా అవే. రెండవది పేరు: తమను తాము ఎవరి వారసులుగా చెప్పుకుంటారో అది. మూడవది అనుమతి: చంపడం తప్పు కాదని మనసుకు నచ్చజెప్పే మాట. ఈ మూడింటినీ అబర్డీన్ బజారు చుట్టూ జరిగిన యుద్ధాలలో పరీక్షించవచ్చు. ఆశ్చర్యకరంగా ఒక్కొక్క యుద్ధం ఒక్కొక్క సమాధానం ఇస్తుంది.

1025: దానము, దండయాత్ర

క్రీ.శ. 671లో చీనా భిక్షువు ఇత్సింగ్ ఓడలో శ్రీవిజయం చేరి, ఆరు నెలలు అక్కడ ఉండి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. వేయిమందికి పైగా భిక్షువులు ఉన్న ఆ నగరంలో ఒకటి రెండేండ్లు చదివి, ఆ తరువాత భారతదేశానికి వెళ్లడం మంచిదని తోటి చీనా భిక్షువులకు సలహా ఇచ్చాడు. కడారం నుంచి ఉత్తరంగా సాగిన తన ప్రయాణంలో దిగంబరుల దేశాన్ని దాటి, 673లో తామ్రలిప్తి చేరాడు. ఆ దేశాన్ని పండితులు సాధారణంగా నికోబార్‌గా గుర్తిస్తారు. 9వ శతాబ్దంలో సువర్ణద్వీపపు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించాడు. 11వ శతాబ్దపు తొలి పాతికేండ్లలో అతీశుడు పన్నెండేండ్లు సువర్ణద్వీపంలో ఆచార్య ధర్మకీర్తి వద్ద చదివాడు. అంటే ఈ సముద్రం మీద ఓడలు మిరియాలతో పాటు తాళపత్రాలనూ మోసుకెళ్లేవి.

ఆ దారిలోనే నాగపట్టణం ఉన్నది. శ్రీవిజయ రాజు శ్రీమార విజయోత్తుంగవర్మ తన తండ్రి చూడామణివర్మ పేరిట అక్కడ విహారం కట్టించగా, శైవుడైన రాజరాజ చోళుడు క్రీ.శ. 1006 ప్రాంతంలో ఆనైమంగళం గ్రామ ఆదాయాన్ని దానికి ఇచ్చాడు. తండ్రి మరణానంతరం రాజేంద్ర చోళుడు ఆ దానాన్ని శాశ్వతం చేశాడు. ఈ విషయం లైడెన్ తామ్రపత్రాలుగా ప్రసిద్ధమైన శాసనంలో ఉన్నది.

అదే రాజేంద్రుని నౌకాదళం 1025లో శ్రీవిజయం మీద దండెత్తింది. తంజావూరు బృహదీశ్వరాలయ శాసనం గెలిచిన ఓడరేవుల వరుసను పేర్కొంటూ మానక్కవారాన్ని, అంటే నికోబార్‌ను కూడా చేర్చింది. ఆ జాబితా జయించిన ప్రదేశాల జాబితా. అక్కడ శాశ్వత నౌకాస్థావరం నెలకొల్పినట్లు ఆ శాసనంలో ఒక్క మాట లేదు.

ఈ యుద్ధానికి మతం హేతువా? కాదు. శైవ చక్రవర్తి బౌద్ధ విహారానికి భూమి ఇచ్చాడు. ఆ తరువాత ఆ విహార దాత రాజ్యాన్నే కొల్లగొట్టాడు. దానం యుద్ధాన్ని ఆపలేదు, యుద్ధం దానాన్ని రద్దు చేయలేదు. చీనా వర్తకానికి ద్వారమైన జలసంధి మీద శ్రీవిజయానికి ఉన్న పట్టే ప్రధాన కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మహానిదాన సుత్తపు భాషలో చెప్పాలంటే అది లాభం, పరిగ్రహం, ఆరక్షల కథ.

ఇందులో మన తెలుగునేలకూ భాగమున్నది. 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు పుట్టుకతో వేంగీ చాళుక్యుడు. నన్నయ చేత భారతాంధ్రీకరణకు పూనిక చేయించిన రాజరాజ నరేంద్రుని కుమారుడు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కుమార్తె. తాతగారు దండెత్తిన కడారం నుంచి రాయబారులు వచ్చి అభ్యర్థించగా, 1090 ప్రాంతంలో ఈ మనుమడు నాగపట్టణంలోని రెండు బౌద్ధ విహారాల గ్రామాలకు పన్నుల మినహాయింపును ధ్రువీకరించాడు. దండయాత్ర జరిగిన అరవై ఐదేండ్లకు ఇరువైపుల వారూ మళ్లీ విహారం గుమ్మంలోనే కలుసుకున్నారు. చోళ శ్రీవిజయ సంబంధాన్ని ఒక్క 1025తో చెప్పేవారు ఈ మొదటి పత్రాన్నీ, ఈ చివరి పత్రాన్నీ వదలివేస్తున్నారు.

1859: వంశకీర్తి లేని యుద్ధం

ఇక బజారు ఉన్న నేల మీదికే వద్దాం. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో ఆంగ్లేయులు 200 మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరం ప్రారంభించారు. అడవి నరకడం, ఖైదీలు పారిపోవడం, మూలవాసులతో ఘర్షణలు ఏడాదిలోనే తీవ్రమయ్యాయి. 1859 మేలో గ్రేట్ అండమానీయులు స్థావరంపై సామూహికంగా దాడికి సిద్ధమయ్యారు. పారిపోయి వారి మధ్య ఏడాది పాటు జీవించిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగానే వచ్చి అధికారులకు ఆ వార్త చేరవేశాడు. బాణాలు తుపాకుల ఎదుట నిలవలేకపోయాయి. దీనినే అబర్డీన్ యుద్ధం అంటారు.

ఈ పోరాటంలో పాల్గొన్న పక్షాలను గమనించండి. ఆంగ్లేయులు తమ సామ్రాజ్యాన్ని రోమునకు వారసురాలిగా తలచుకునే చదువు చదివినవారు. ఖైదీలలో చాలామంది వృద్ధుడైన మొఘల్ పాదుషా పేరిట, మతానికి ముప్పు వచ్చిందన్న ఆవేదనతో తిరగబడినవారు. ఆ పాదుషాను ఆంగ్లేయులు రంగూనుకు పంపారు, అతని పేర పోరాడినవారిని ఈ ద్వీపానికి పంపారు. పాత సామ్రాజ్యాల నీడలన్నీ స్థావరం వైపునే ఉన్నాయి. అండమానీయుల వైపు చక్రవర్తి లేడు, శాసనం లేదు, గ్రంథం లేదు. వారి వైపు ఉన్నది తమ అడవి, తమ తీరం.

కాబట్టి సామ్రాజ్య స్మృతి లేకున్నా యుద్ధం జరుగుతుందని 1859 నిరూపించింది. హేతువు నేల. స్మృతి లేనివారు మాత్రం ఒక విధంగా ఎక్కువ నష్టపోయారు. ఓడినవారికి తమ ఓటమిని రాసుకునే లిపి లేదు. గ్రేట్ అండమానీయుల సంఖ్య నేడు కొన్ని పదులకు తగ్గింది. వారసత్వ పరిశోధకులు రాతికీ రాగికీ ఇచ్చే విలువ ఇక్కడ ఒక పరిమితిని చవిచూస్తుంది. శాసనం లేనంత మాత్రాన చరిత్ర లేనట్లు కాదు.

1942: పాత వాక్యం, కొత్త సైన్యం

మూడవ యుద్ధం ఈ ప్రశ్నకు అత్యంత సన్నిహితమైనది. 1942 మార్చి 23న జపాను సైన్యం ఈ పట్టణంలో దిగింది. 1945 అక్టోబరు వరకు ద్వీపాలు ఆ ఆక్రమణలో ఉన్నాయి. ఆసియాను పాశ్చాత్యుల నుంచి విడిపిస్తామని చెప్పుకున్న సైన్యం అది. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్ర బోస్ ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగురవేశారు. అదే సమయంలో, స్థానికులలో గౌరవం పొందిన వైద్యుడు, పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులర్ జైలులో చిత్రహింసలు అనుభవిస్తున్నారు. 1944 జనవరి 14న ఆయన మరణించారు. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద గూఢచారులన్న అనుమానంతో 44 మందిని కాల్చి చంపారు. దివాన్ సింగ్ పేరిట గురుద్వారా పట్టణంలో నేటికీ ఉన్నది.

ఆ సైన్యాన్ని నడిపిన నినాదం 'హక్కో ఇచియు'. ఎనిమిది దిక్కులనూ ఒకే కప్పు కిందికి తేవడమని దాని భావం. దాని మూలం క్రీ.శ. 720లో కూర్చిన నిహోన్ షోకీలో, ఆదిచక్రవర్తిగా చెప్పే జిమ్ము పలికినట్లున్న ఒక వాక్యం. 1940లో జపాను ప్రభుత్వం దానిని జాతీయ విధానపు మాటగా స్వీకరించింది. జిమ్ము పట్టాభిషేకం జరిగి 2600 ఏండ్లు అయినవని అదే ఏడు ఘనంగా ఉత్సవాలు చేసింది. ఇంతవరకు చూస్తే ప్రాచీన సామ్రాజ్యమే ఆధునిక సైన్యాన్ని నడిపిందని అనిపిస్తుంది.

కాని ఆ నాలుగు అక్షరాల నినాదాన్ని పాత గ్రంథం నుంచి కుదించి రూపొందించినవాడు 20వ శతాబ్దపు మనిషి. అతడు తనకా చిగాకు, నిచిరెన్ సంప్రదాయానికి చెందిన బౌద్ధ ఉపాసకుడు, ప్రచారకుడు. పన్నెండు వందల ఏండ్లు గ్రంథంలో మౌనంగా ఉన్న వాక్యం, చమురు, రబ్బరు, ఇనుము కావలసిన ఒక ఆధునిక రాజ్యానికి అవసరమైనపుడు గొంతు విప్పింది. విప్పించినవాడు ఒక పఠిత. మతాన్ని కలిపినవాడు ఒక బౌద్ధుడు.

ఇక్కడ బౌద్ధ పాఠకులు తల వంచవలసిన సందర్భం ఉన్నది. 1868 తరువాత మెయిజీ ప్రభుత్వం షింటోను బౌద్ధం నుంచి వేరుచేసినపుడు అనేక విహారాలు ధ్వంసమయ్యాయి. ఆ దెబ్బ తిన్న సంఘాలు తాము రాజ్యానికి పనికివచ్చేవారమని నిరూపించుకోవాలని తహతహలాడాయి. యుద్ధాలు వచ్చినపుడు సైనికులకు దీవెనలు ఇచ్చాయి, విరాళాలు సేకరించాయి. అనాత్మ సిద్ధాంతాన్నే 'నేను లేను కనుక చక్రవర్తి కొరకు మరణించు' అన్న బోధగా వంచిన ఆచార్యులూ ఉన్నారు. జెన్ గురువుల ఈ పాత్రను బ్రయాన్ విక్టోరియా 1997లో ప్రచురించిన గ్రంథం విస్తారంగా చర్చకు తెచ్చింది. అంతకు ముందే 1987లో హిగాషి హొంగాంజి, 1992లో సోటో సంప్రదాయం తమ యుద్ధకాలపు పాత్రకు పశ్చాత్తాపం ప్రకటించాయి. అప్పట్లోనే ఎదురు నిలిచినవారు లేకపోలేదు. 1937లో యుద్ధం నేరమని పలికిన తకెనకా షోగెన్ అనే అర్చక భిక్షువు శిక్షకు గురయ్యాడు. ఆయన గౌరవాన్ని ఆయన సంప్రదాయం పునరుద్ధరించడానికి డెబ్బయి ఏండ్లు పట్టింది.

కాబట్టి 1942 ఇచ్చే సమాధానం ఇది. ప్రాచీనత హేతువు కాదు, బలమైన ప్రత్యయం. అది తనంతట తాను రాదు. ఒక చేయి దానిని అందిస్తుంది. ఆ చేయి తరచుగా పండితునిదో, పూజారిదో, భిక్షువుదో అయి ఉంటుంది.

మన ఇంటి సాక్ష్యం

ఈ అందించే చేయి జపానులోనే ఉన్నదని అనుకుంటే పొరపాటు. థేరవాద లోకంలో దీనికి సుప్రసిద్ధమైన ఉదాహరణ మహావంసం. సుమారు 5, 6 శతాబ్దాలలో కూర్చిన ఆ వంశకథలో, ఎల్లాళుని జయించిన దుట్ఠగామణి రాజు చనిపోయినవారిని తలచి కుమిలిపోతాడు. అప్పుడు అరహంతులు వచ్చి, చనిపోయినవారిలో త్రిశరణాలు, పంచశీలాలు పొందినవారి లెక్కన మనుష్యులుగా ఎంచదగినవారు ఒకటిన్నర మందేనని ఊరడిస్తారు. త్రిపిటకంలో ఇటువంటి లెక్కకు చోటు లేదు. ప్రాణాతిపాత విరమణ శీలానికి మతభేదం లేదు.

శ్రీలంక అంతర్యుద్ధాన్ని దుట్ఠగామణి పుట్టించలేదు. 1956 నాటి భాషా చట్టం, చదువులోనూ కొలువులలోనూ పెరిగిన వివక్ష, 1983 నాటి హింసాకాండ దాని దగ్గరి కారణాలు. అయినా ఆ దేశపు సైన్యంలో 1962లో గెమును పేరిట, 1983లో గజబాహు పేరిట దళాలు ఏర్పడ్డాయి. ఎదుటి పక్షం చోళుల గుర్తును తలపించే పులిని తన జెండాపై నిలుపుకున్నది. 2009లో ముగిసేలోగా ఆ యుద్ధం ఇరవై ఆరేండ్లు సాగింది. 2017 అక్టోబరులో, సుమారు ఆరు లక్షల మంది రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయిన సమయంలో, మయన్మార్‌లో ఎంతో గౌరవం పొందిన సీతగూ సయాడో సైనికాధికారుల ముందు ఇదే దుట్ఠగామణి కథను ప్రస్తావించారు. అదే దేశంలో 2007లో మెత్త సుత్తం పఠిస్తూ సైనిక పాలనకు ఎదురు నడిచినవారూ భిక్షువులే. ఒకే సంఘం, ఒకే పిటకం. ఎంచుకున్న పాఠం వేరు.

మన తీరానికి వద్దాం. విశాఖపట్నంలో జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే నౌకాదళ కేంద్రం పేరు సాతవాహన. భీమునిపట్నం దగ్గరి కేంద్రం పేరు కళింగ. అదే తీరంలో బావికొండ, తొట్లకొండ విహారాలు ఉన్నాయి. తొట్లకొండ అవశేషాలు వెలుగులోకి వచ్చినది కూడా నౌకాదళం స్థావరం కొరకు జరిపిన సర్వేలోనే. సాతవాహనుల పేరు వినగానే మనకు అమరావతి తోచవచ్చు, నావికునికి ఓడ బొమ్మ వేసిన నాణెం తోచవచ్చు. రెండూ నిజమే. ఒక పేరులో ఏ భాగం వినిపించాలన్నది వినేవారి శిక్షణ మీద ఆధారపడి ఉంటుంది.

ఇక అన్నిటికన్న లోతైన సాక్ష్యం కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి బండల మీద ఉన్నది. అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనాలు అక్కడ చెక్కి ఉన్నాయి. వాటిలో పదమూడవది కళింగ యుద్ధం గురించి చెబుతుంది: లక్షమంది హతులు, లక్షన్నర మంది చెరపట్టబడినవారు, అంతకు ఎన్నో రెట్లు మరణించినవారు. ఆ శాసనంలోనే ఆంధ్రుల పేరు కూడా ఉన్నది. అయితే కళింగంలోని ధౌలి, జౌగడలలో ఈ పదమూడవ శాసనాన్ని చెక్కించలేదు. దాని బదులు అధికారులకు వేరే ఆదేశాలు ఉన్నాయి. చక్రవర్తి పశ్చాత్తాపాన్ని చదివే అవకాశం గాయపడిన కళింగులకు లేదు, దూరంగా ఉన్న మనకు దక్కింది. పైగా అదే శాసనం అటవీ జనులను హెచ్చరిస్తుంది: రాజు పశ్చాత్తప్తుడైనా దండించే శక్తి ఉన్నవాడని మరువవద్దని.

దీనివలన అశోకుని గొప్పతనం తగ్గదు. తన విజయాన్ని తానే తప్పుగా లెక్కగట్టిన చక్రవర్తి ప్రపంచ చరిత్రలో అరుదు. కాని ధమ్మవిజయమన్న మాట కూడా సామ్రాజ్యపు బండ మీదనే చెక్కబడింది, దాని వెనుక సైన్యం ఉన్నది అన్న సంగతిని మనం దాచరాదు. దాచితే, రేపు ఎవరైనా తమ సైన్యానికి ధమ్మమని పేరు పెట్టినపుడు మనకు అడ్డుచెప్పే ఆధారం ఉండదు. ఇది ఊహ మాత్రమే కాదు. 1974 మే 18న మన దేశం జరిపిన తొలి అణుపరీక్షకు బుద్ధుని చిరునవ్వు పేరు నిలిచిపోయింది.

ఒక అభ్యంతరం

మతమూ సామ్రాజ్య స్మృతీ కేవలం ప్రత్యయాలే అయితే వాటిని అంతగా పట్టించుకోవడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. భూమి, చమురు, జలసంధుల తగవు తీరితే పేర్లు వాటంతట అవే మరుగున పడవా?

పడవు. విత్తనం ఎంత చిన్నదైనా సారవంతమైన నేలలో మహావృక్షమవుతుంది. భూమి తగవుకు బేరం ఉంటుంది: సగం నీకు, సగం నాకు. పవిత్రమని పేరు పడిన భూమికి బేరం ఉండదు. సుంకం విషయంలో రాజీపడిన రాజు వివేకి అనిపించుకుంటాడు. పూర్వచక్రవర్తి గౌరవం విషయంలో రాజీపడినవాడు ద్రోహి అనిపించుకుంటాడు. ప్రాచీనత యుద్ధాన్ని మొదలుపెట్టదు గాని, ముగించడాన్ని కష్టం చేస్తుంది. చనిపోయేవారి సంఖ్య అక్కడే పెరుగుతుంది.

నేడు ఈ పట్టణంలో అండమాన్ నికోబార్ త్రివిధ దళాల కమాండ్ ఉన్నది. 2001లో ఏర్పడిన ఇది దేశంలో అటువంటి వాటిలో మొదటిది. మలక్కా జలసంధి ముఖద్వారాన ద్వీపాలు ఉన్న దేశానికి రక్షణ ఏర్పాటు అవసరమే. ఇత్సింగ్ ఓడ, రాజేంద్రుని ఓడ, నేటి సరుకు ఓడ సాగే దారి ఒకటే. ఆ దారి ప్రాచీనమైనది, దానిపై తగవు మాత్రం ప్రతి తరంలోనూ కొత్తది. ఈ తేడాను స్పష్టంగా ఉంచడం శాంతికి చేసే చిన్న సేవ కాదు.

మన చేతిలో ఉన్నది

మహాపరినిబ్బాన సుత్తం ప్రారంభంలో మగధ మంత్రి వస్సకారుడు బుద్ధుని వద్దకు వస్తాడు. వజ్జీల మీద దండెత్తాలన్న అజాతశత్రువు సంకల్పాన్ని విన్నవిస్తాడు. వజ్జీలు ఏ ఏడు ధర్మాల వలన క్షీణించరో బుద్ధుడు ఆనందుని అడిగి చెప్పిస్తాడు. మంత్రి అది విని, యుద్ధంతో వారిని గెలవలేమని, భేదోపాయమే మార్గమని తేల్చుకుని వెళతాడు. శాంతికి ఉపకరించే జ్ఞానమే వినేవాని ఉద్దేశాన్ని బట్టి ఆయుధంగా మారింది. బుద్ధుడు మౌనం వహించలేదు, అసత్యమూ పలుకలేదు. ఆ మంత్రి వెళ్లిన వెంటనే భిక్షువులను సమావేశపరచి, సంఘం క్షీణించకుండా ఉండే ధర్మాలను బోధించాడు. తన జ్ఞానం ఎటు పోగలదో తెలిసినవాడు తన సంఘాన్ని ముందుగా సిద్ధం చేసుకున్నాడు.

మనకూ ఇదే మార్గం. పరిశోధకులు యుద్ధశాసనాన్ని ప్రచురించినపుడు, అదే రాజు దానశాసనాన్ని పక్కన చేర్చడం మంచిది. 1025 ప్రక్కన 1006, 1090 కనిపించినపుడు పాఠకునికి పూర్తి మనిషి కనిపిస్తాడు. ప్రశస్తి ప్రశస్తిగానే ఉండాలి. గెలిచిన ఊళ్ల పట్టిక నుంచి స్థావరాలనూ, సరిహద్దులనూ కల్పించరాదు. ప్రదర్శనశాలలో ఫలకం రాసేటపుడు గెలిచినవాని పేరుతో పాటు ఓడినవాని పేరు, శాసనం లేనివాని ఉనికి కూడా రాయాలి. విజయపురి సందర్శకునికి చాంతమూలుని అశ్వమేధంతో పాటు చాంతిసిరి కట్టించిన మహాచైత్యాన్నీ, చనిపోయిన యోధుల ఛాయాస్తంభాలనూ కలిపి చూపినపుడే ఆ నగరం అర్థమవుతుంది.

భిక్షువుల బాధ్యత ఇంకా సూక్ష్మమైనది. వంశకథకూ సుత్తానికీ తేడాను ఉపాసకులకు స్పష్టంగా చెప్పగలవారు వారే. కోసల సంయుత్తంలో పసేనది, అజాతశత్రువుల యుద్ధవార్త విన్న బుద్ధుడు గెలిచినవానిని కీర్తించలేదు. గెలుపు పగను కంటుందని, ఓడినవాడు దుఃఖంతో నిదురిస్తాడని, గెలుపోటములు రెండింటినీ విడిచినవాడే సుఖంగా ఉంటాడని చెప్పాడు. యుద్ధకాలంలో సైనికుని కుటుంబం విహారానికి వచ్చినపుడు వారి దుఃఖానికి ఓదార్పు ఇవ్వడం సంఘధర్మం. శత్రువు సగం మనిషని చెప్పడం సంఘధర్మం కాదు. ఈ రెంటి మధ్య గీత సన్ననిది. దానిని ముందే గీసుకొనని సంఘాలు ఎటు జారాయో జపాను అనుభవం చెప్పింది.

అబర్డీన్ బజారులో చేపలు అమ్మే తెలుగు తల్లికి చోళులతో గాని శ్రీవిజయంతో గాని పని లేదు. ఆమె కుటుంబపు పడవ వెళ్లే సముద్రం ప్రశాంతంగా ఉంటే చాలు. ఆ సముద్రం మీద ఒకప్పుడు తాళపత్రాలు ప్రయాణించాయని, దండ్లు కూడా ప్రయాణించాయని మనకు తెలుసు. ఆమె ఊరికి ఇపుడు విజయం పేరు వచ్చింది. ఆ విజయం ఏ విజయమో రేపటివారికి చెప్పవలసిన పని శాసనాలు చదివినవారిది, సూత్రాలు చదివినవారిది.